త్రీ షేరింగ్ గదిలో నాలుగో మంచం వేస్తామంటే ఏం చేయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. బెంగళూరు కుమారస్వామి లేఅవుట్‌లో ఇంజినీరింగ్ రెండో ఏడాది. పదడుగులకు పన్నెండడుగుల గది, అందులో ముగ్గురు, మనిషికి నెలకు 8,500 రూపాయలు. ఇప్పుడు పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టలు) నడిపే ఆయన నాలుగో మంచం వేస్తానంటున్నాడు. చదువుకోవడానికి చోటు లేదు, పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటోంది, దోస్తులంతా కలిసి విడిగా ఇల్లు తీసుకుందామా అని చూస్తున్నారు. ఇంట్లో చెబితే "సర్దుకోరా, మేం చదువుకోలేదా" అంటున్నారు.

నేను చదువుకునే రోజుల్లో మడివాళలో ఇలాంటి గదిలోనే ఉన్నాను. ఆ తర్వాత బిల్డింగులు లీజుకు తీసుకుని చాలా ఏళ్లు పీజీలు నడిపాను. మంచం మీద పడుకునేవాడి బాధా తెలుసు, మంచం వేసేవాడి లెక్కా తెలుసు. ముందు ఆ లెక్క చెబుతాను. నువ్వు ఆయనతో మాట్లాడాల్సింది దాన్ని పట్టుకునే.

ఇక్కడ పీజీ నడిపేవాళ్లలో చాలామంది బిల్డింగ్ ఓనర్లు కారు. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి, 30×40 అడుగుల సైటులో నాలుగైదు అంతస్తులు లేపిన బిల్డింగును మొత్తంగా లీజుకు పట్టినవాళ్లే ఎక్కువ. పిల్లలున్నా లేకున్నా ఓనరుకు నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. వంటమాస్టరు జీతం ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, వేసవిలో ట్యాంకరు ఆగదు. ఈ ఖర్చులన్నీ తేలడానికి ఇన్ని మంచాలు నిండాలని ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క దాటాక వేసిన ప్రతి మంచం మీదా తిండి ఖర్చు తీసేస్తే మిగిలిందంతా లాభమే. నాలుగో మంచం మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

మీ బిల్డింగులో ఫోర్ షేరింగ్ రేటు 7,000 అనుకుందాం. ఇప్పుడు మీ ముగ్గురి నుంచి ఆయనకు 25,500 వస్తోంది. నాలుగోవాడిని 7,000కి చేర్చుకుని మీ దగ్గర పాత రేటే లాగితే 32,500. అలాకాకుండా నలుగురికీ ఫోర్ షేరింగ్ రేటే వేయాల్సి వస్తే 28,000. అంటే పెరిగేది 2,500. ఇంకో మనిషికి మూడు పూటలా తిండి, నీళ్లు, కరెంటు అంటే ఆ డబ్బు అక్కడికక్కడే చెల్లు. ఇక ఆ మంచం తెచ్చి వేయడం దేనికి?

కాబట్టి "వేయడానికి వీల్లేదు" అని గొడవకు దిగొద్దు. ముగ్గురూ కలిసి వెళ్లి "వేసుకోండన్నా, కానీ వచ్చే నెల నుంచి నలుగురికీ ఫోర్ షేరింగ్ రేటే, ఎక్కువ కట్టిన అడ్వాన్సు కూడా సర్దేయండి" అని నెమ్మదిగా చెప్పండి. ఒక్కడే వెళితే "నీకు కష్టంగా ఉంటే ఖాళీ చేయి" అంటాడు. ముగ్గురూ ఒకేసారి ఖాళీ చేస్తే సెమిస్టర్ మధ్యలో మూడు మంచాలు నింపుకోవడం ఆయనకు తలనొప్పి. మాట్లాడి వచ్చాక అదే మాట వాట్సాప్‌లో పెట్టండి, రాతలో ఉంటుంది. చాలాసార్లు సంగతి అక్కడితో ఆగిపోతుంది.

రూలు సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జూలైలో కోరమంగళలోని ఒక లేడీస్ పీజీలో హత్య జరిగింది. ఆ తర్వాత ఆగస్టులో బీబీఎంపీ, అంటే అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ, పీజీలకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. సీసీ కెమెరాలు, సెక్యూరిటీ, ఫైర్ సేఫ్టీ, వంటగదికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు. మీ గది 120 చదరపు అడుగులు. ఈ రూలు పట్టుకుంటే అందులో ఇద్దరు ఉండటానికే చోటు చాలదు, ముగ్గురికి 210 కావాలి. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యూ చేసేటప్పుడు చూడాల్సిన విషయాలివి. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కాబట్టి ఇప్పుడు మీ ఏరియా ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో ముందు కనుక్కో.

ఫిర్యాదు చేయమంటావా అంటే, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కుమారస్వామి లేఅవుట్‌లోనో, బీటీఎంలోనో, మారతహళ్లిలోనో టేపు పట్టుకుని తిరిగితే ఈ కొలతకు నిలబడే గదులు చాలా తక్కువ. ఇరుకు మీద ఫిర్యాదు చేసి బిల్డింగుకు సీలు పడితే, ముందు రోడ్డున పడేది మీరే, అదీ ఇంటర్నల్ పరీక్షల ముందు. 70 చదరపు అడుగుల మాటను బేరంలో వాడుకో. మెట్లు ఒక్కటే ఉండి రాత్రిళ్లు గేటుకు బయటనుంచి తాళం వేస్తున్నా, వైర్లు బయటికి వేలాడుతున్నా, తాగే నీళ్లు కంపు కొడుతున్నా మాత్రం ఆగొద్దు, ఫిర్యాదు చెయ్యి. ప్రాణానికి సంబంధించిన వాటిలో సర్దుబాటు లేదు. రాత్రి గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఆ మనిషి ఏ గదిలో పడుకుంటాడో ఈ రోజే కనుక్కో.

ఇక గది. గది ఎంత ఉందని అందరూ చూస్తారు. బాత్రూముకు ఎంతమంది, గీజరు ఎన్ని లీటర్లు అని ఎవరూ అడగరు. రోజూ పొద్దున గొడవలు వచ్చేది అక్కడే. మామూలుగా పీజీల్లో పెట్టేది 15 లీటర్ల గీజరు, రెండు కిలోవాట్లది. చల్లటి నీళ్లు బాగా వేడెక్కడానికి దానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. ఒకడు బకెట్ నింపుకుంటే వెనకవాడు ఇరవై నిమిషాలు ఆగాలి. ఎనిమిదిన్నరకు క్లాసు ఉంటే నలుగురిలో మొదటివాడు ఏడింటికే లేవాలి, ఆఖరివాడికి ఎలాగూ చన్నీళ్లే. సోలార్ ఉందని గొప్పగా చెప్పే బిల్డింగుల్లో పైఅంతస్తువాళ్లు ఆరింటికే వేడినీళ్లన్నీ లాగేస్తారు. కింద ఉన్నవాళ్లకు పైపులో ఉన్న చన్నీళ్లు పోయేదాకా ఓ బకెట్ దండగ. కాబట్టి రాత్రి స్నానం చేసేవాళ్లు ఎవరో, పొద్దున చేసేవాళ్లు ఎవరో గదిలో ముందే తేల్చుకోండి. ఇద్దరు రాత్రికి మారితే సగం గొడవ తీరుతుంది.

గీజరు లేదని రాడ్ హీటరు కొనొద్దు. మామూలు రాడ్ 1,500 వాట్లు. గోడకున్న చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, 1,400 వాట్లకు మించి తట్టుకోదు. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి రాడ్డూ, కెటిలూ, ల్యాప్‌టాప్ చార్జరూ ఒకేసారి పెడతారు. ప్లగ్గు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ ముందు గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత చేప కాలిన వాసన లాంటిది వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే స్విచ్ ఆపి ఆ బాక్సును పారేయాల్సిందే.

పొద్దున తల దిమ్ముగా ఉంటోందన్నావు. అది గాలి సంగతే అయి ఉండొచ్చు. 30×40 సైట్లలో పక్క బిల్డింగుకూ మనకూ మధ్య రెండడుగులుంటే గొప్ప. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. రాత్రి చలి, దోమలు, దాంతో కిటికీ మూసేస్తారు. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 420 దాకా ఉంటుంది. అంత చిన్న గదిలో ముగ్గురు తలుపులన్నీ బిగించుకుని పడుకుంటే తెల్లారేలోపు రెండు మూడు వేలు దాటుతుంది. ప్రాణం మీదికి రాదు గానీ నిద్ర తీరినట్టుండదు. అదీగాక నిద్రలో మనిషి ఊపిరిలోంచి, చెమటలోంచి గంటకు సుమారు 40 గ్రాముల తేమ బయటికి వస్తుంది. ముగ్గురికి ఎనిమిది గంటలంటే లీటరుకు దగ్గర. గోడమీద పెయింటు పొక్కడం, బీరువా వెనక నల్లటి బూజు, బ్యాగులో బట్టలు ముక్కిన వాసన రావడం అన్నీ దానివల్లే. పైగా తడి జీన్సులు ఫ్యానుకింద ఆరేస్తారు.

పెద్దగా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. కిటికీకి వెల్‌క్రోతో అతికే దోమల నెట్ వేయించి, రాత్రి నాలుగు వేళ్ల సందు తెరిచి ఉంచండి. బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే అది వేసి, బాత్రూము తలుపు ఓరగా పెట్టండి. గాలి కిటికీలోంచి వచ్చి బాత్రూములోంచి బయటికి పోతుంది. ఓ వారం అలా పడుకుని చూడు. అప్పటికీ తల దిమ్ము తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో. బట్టలు టెర్రస్ మీదే ఆరేయండి, వర్షాకాలంలో కూడా. అక్కడ రేకు కింద తాడు కట్టించమని అడగండి, ఆ మాత్రం చేస్తారు.

కొత్త మంచం వస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి, ఇది చాలా ముఖ్యం. పీజీల్లో మంచాలు, పరుపులు ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు తిరుగుతుంటాయి. వాటితోపాటు నల్లులు తిరుగుతాయి. పరుపు అంచు కుట్టును రెండు బొటనవేళ్లతో విప్పదీసి ఫోను లైటు వేసి చూడు. మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే అవే. మంచం ప్లైవుడ్ కింద స్క్రూలు పట్టిన మూలలు చూడు. నల్లి ఎగరదు, దూకదు, పాకుతుంది, తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. పరుపు ఎండలో వేస్తే చస్తాయనుకుంటారు గానీ పైపైన వేడి చాలదు, లోపల కుట్టులోకి దూరిపోతాయి. దుప్పట్లు, దిండు గలీబులు మరిగే వేడినీళ్లలో ఉతకాలి, మందు కొట్టేవాళ్లను పిలవాలి. ఒకసారి కొట్టాక రెండు వారాల్లోపు మళ్లీ కొట్టించాలి, ఎందుకంటే గుడ్లు మందుకు చావవు, తర్వాత పొదుగుతాయి. ఒక్క గదికి కొడితే పక్క గదికి పోతాయి, ఆ అంతస్తు మొత్తానికి కొట్టించమని పట్టుబట్టండి.

గజ్జి కూడా ఇలాంటిదే. వేళ్ల సందుల్లో, నడుము దగ్గర, రాత్రిళ్లు ఎక్కువగా దురద వస్తే సిగ్గుపడి ఒక్కడే క్రీము రాసుకుని కూర్చోవద్దు. డాక్టరు పెర్మెత్రిన్ క్రీము రాసిస్తే గదిలో ఉన్న అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి, దురద ఉన్నా లేకపోయినా. వారం తర్వాత మళ్లీ అందరూ. ఒకడు తప్పించుకుంటే తిరిగి వస్తుంది. తువ్వాళ్లు ఎవరివి వాళ్లవే. "మనలో మనకేంట్రా" అనేది ఈ ఒక్క విషయంలో వద్దు.

చదువు. గదిలో చదవాలనే పట్టుదల వదిలేయమనే చెబుతాను. ముగ్గురున్న గదిలో ఒకడికి ఫోన్ కాల్, ఒకడికి రీల్స్, ఒకడికి రేపు పరీక్ష. మిగతావాళ్లను నిశ్శబ్దంగా ఉండమనడం న్యాయం కాదు, వాళ్లూ అద్దె కడుతున్నారు. గది పడుకోవడానికీ, బట్టలు పెట్టుకోవడానికీ అనుకో. కాలేజీ అయిపోగానే పీజీకి రాకుండా నేరుగా లైబ్రరీకి వెళ్లు, మూసేదాకా ఉండు. ఆదివారం కబ్బన్ పార్కులో ఎర్రటి బిల్డింగు ఉంటుంది, శేషాద్రి అయ్యర్ మెమోరియల్ హాలు, 1915లో కట్టింది. స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అందులోనే. విజయనగర్ వైపు యూపీఎస్సీ, కేపీఎస్సీ (కర్ణాటక సర్వీస్ కమిషన్) పరీక్షలకు చదివే పిల్లల కోసం నెలకింత అని తీసుకునే రీడింగ్ రూములు ఉన్నాయి. టేబుల్, లైటు, చార్జింగ్ పాయింట్ ఇస్తారు, మాట్లాడనివ్వరు. ఇప్పుడు ఇలాంటివి మిగతా ఏరియాల్లో కూడా వచ్చాయి, మీ వీధుల్లో అడిగి చూడు. టూ షేరింగ్‌కు మారడానికి పెట్టే తేడా డబ్బులో కొంత పెడితే సీటు దొరుకుతుంది. సింగిల్ రూము తీసుకున్నవాళ్లు బాగా చదువుతారనేది నేను నమ్మను. సింగిల్ రూముల్లో మధ్యాహ్నం దాకా నిద్రపోయినవాళ్లను బోలెడుమందిని చూశాను.

సామాన్లు తగ్గించుకోండి. పెద్ద సూట్‌కేసు ఊళ్లో వదిలెయ్. పచ్చళ్ల సీసాలు మాత్రం మూత గట్టిగా పెట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచు. పరుపు మీద ఒలికిన గోంగూర నూనె మరక మీద అడ్వాన్సులో కోత పెట్టేవాళ్లు ఉంటారు.

విడిగా ఇల్లు తీసుకునే సంగతి. నలుగురు కలిసి వన్ బీహెచ్‌కే అంటే నెల అద్దె తక్కువే కనిపిస్తుంది. ముందు కట్టాల్సింది చూడు. ఒకప్పుడు బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సు మామూలు. ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది గానీ ఐదారు నెలలు అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకుంటారు. బ్యాచిలర్స్‌కు ఇవ్వమనేవాళ్లు కొందరు, నాన్‌వెజ్ వద్దనేవాళ్లు కొందరు. అగ్రిమెంటు పదకొండు నెలలు, సంతకం ఒక్కడిది. మధ్యలో ఒకడు ఇంటర్న్‌షిప్ అని హైదరాబాద్ వెళ్లిపోతే వాడి వాటా ఎవరు కట్టాలో ముందే రాసుకోండి. ఇలాంటి ఇళ్లు విడిపోయేది వంట దగ్గర కాదు, ఈ వాటా దగ్గరే. వంటకు ఐదు కిలోల చిన్న సిలిండరు అడ్రస్ ప్రూఫ్ లేకుండా ఐడీ చూపించి తీసుకోవచ్చు. కరెంటు కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద గరిష్ఠంగా 200 యూనిట్ల దాకా అద్దెకున్నవాళ్లకు కూడా ఉచితంగా వస్తుంది, ఓనరు అడ్డం చెప్పకపోతే.

నీళ్లు మాత్రం తప్పక అడుగు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పడింది. 12,000 లీటర్ల ట్యాంకరుకు ఐదు కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలు అని జిల్లా యంత్రాంగం రేటు కట్టాల్సి వచ్చింది. కావేరీ కనెక్షన్ ఉందా, బోరు ఉందా, ఏప్రిల్‌లో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అని ఓనరును కాదు, కింద ఇంట్లో అద్దెకున్న ఆంటీని అడుగు.

నన్నడిగితే ఈ సెమిస్టర్‌లో కదలొద్దు. పరీక్షలయ్యాక పిల్లలు ఊళ్లకు వెళ్లే రోజుల్లో చూసుకో. అప్పుడు పీజీల్లో మంచాలు ఖాళీగా ఉంటాయి, రేటు దిగుతుంది, టూ షేరింగ్‌ను త్రీ షేరింగ్‌కు కొంచెం పైన ఇచ్చేవాళ్లు దొరుకుతారు. కాలేజీ గేటు ముందే ఉండాలన్న పట్టు వదులు. మెట్రో గ్రీన్ లైను 2021లో సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా వెళ్లింది. వజరహళ్లి, తలఘట్టపుర వైపు కాలేజీల గుంపు తక్కువ, గాలి వచ్చే గదులు ఎక్కువ. యెలచేనహళ్లిలో దిగి కాలేజీకి బస్సు పట్టుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో మెట్రో టికెట్ రేట్లు బాగా పెంచారు, అది కూడా లెక్కలో వేసుకో.

అడ్వాన్సు కట్టేటప్పుడు చేతికి ఇవ్వొద్దు, యూపీఐలో పంపు. నోటీసు ఎన్ని రోజులు, మెయింటెనెన్స్ అని ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఈ మూడూ మెసేజ్‌లో రాయించుకో. జీఎస్టీ కలిపి బిల్లు వేస్తామంటే, నెలకు 20,000 లోపు ఉండి వరసగా 90 రోజులు ఉండేవాళ్లకు 2024 జూలై నుంచి మినహాయింపు ఉందని చెప్పు. అడ్వాన్సు ఎగ్గొడితే 1915కి ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. ఈ మాట వినగానే సగంమంది డబ్బు పంపేస్తారు.

ఇంట్లోవాళ్ల సంగతి. "ఇరుకుగా ఉంది నాన్నా" అంటే సర్దుకోమనే అంటారు, ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఒంగోల్లో కూర్చుని గది చూడలేదు కదా. వీడియో కాల్‌లో గది మూలల్లోని బూజు, పొద్దున బాత్రూము ముందు లైను చూపించు. నాలుగో మంచం లెక్క కాగితం మీద వేసి ఫొటో పంపు. డబ్బు అడక్కు, ముందు పీజీ ఆయనకు ఒకసారి ఫోన్ చేయమను. పిల్లాడి కంటే తండ్రి మాట్లాడితే ఇక్కడివాళ్లు మెత్తబడతారు, అందులోనూ మన జిల్లా అని తెలిస్తే.